ఎవరి తాలూకు?

మా ప్రోగ్రామరు ఉద్యోగం మానేసిన రోజూ, సముద్రంలో వేట నిషేధం మొదలైన రోజూ ఒకటే. రెండువేల మూడు, ఏప్రిల్ పదిహేను. హైదరాబాదులో పెద్ద కంపెనీలో చేరుతున్నానని మిఠాయి పెట్టె మా చేతిలో పెట్టి, ఆ సాయంత్రమే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాడు. అక్కడ ఉప్పాడ ఒడ్డున పడవలు ఆగిపోయాయి, ఇక్కడ కాకినాడలో మా పని ఆగిపోయింది.

మా ఆఫీసంటే మా ఇంటి ముందుగదే. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కరెంటు పోయినప్పుడల్లా కుయ్యిమని ఏడ్చే యూపీఎస్. మనుషులం కూడా ఇక ముగ్గురమే మిగిలాం. నేను, మా ఆయన గణేష్‌బాబు, పేర్లు టైపు చేసే బేబి. కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పుకునే నేను, ఆ ఉద్యోగం వదిలేసి ఈ ఆఫీసు పెట్టాను. ఆస్పత్రికి రోగుల వివరాలైనా, కాలేజీకి పిల్లల వివరాలైనా కంప్యూటర్లోకి ఎక్కించి, అడగ్గానే తీసి ఇచ్చే ప్రోగ్రాములు చేసిపెట్టడం మా పని.

ఆ వేసవిలో ఒక స్వచ్ఛంద సంస్థ మాకు పెద్ద పని ఇచ్చింది. తీరం వెంబడి పదకొండు ఊళ్ళలో వేటకెళ్ళే ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్, దాని మీద అతని పేరు, నంబరు, దాంతోపాటు ఫొటో ఉన్న కార్డు. ఆరువేల పైచిలుకు పేర్లు. జూన్ ఒకటిన పడవలు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళేసరికి జాకెట్లు ఒంటిమీద ఉండాలి. పేర్ల జాబితా అప్పటికే ఇచ్చేశాం. కార్డుల ప్రోగ్రాము మాత్రం సగంలో ఉంది.

ఆ జాబితాలో రెండోసారి వచ్చిన పేర్లని ఏరి పారేసింది నేనే. మనిషి పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఈ మూడూ కలిస్తే ఆ మనిషి రెండోసారి రాయించుకున్నట్టే కదా. అలాంటివి తీసెయ్యమని కంప్యూటరుకి చిన్న క్వెరీ రాసి మీట నొక్కితే నాలుగువందల పన్నెండు పేర్లు ఎగిరిపోయాయి. సంస్థవాళ్ళు భలే మెచ్చుకున్నారు. ఆ మెప్పుని నేను వారంరోజులపాటు ఇంట్లో అందరికీ వినిపించాను, పాలవాడితో సహా.

పేపర్లో నాలుగు లైన్ల ప్రకటన ఇస్తే పంతొమ్మిదిమంది వచ్చారు. వాళ్ళలో సగంమంది తండ్రుల్ని వెంటబెట్టుకొచ్చారు. "విజువల్ బేసిక్ వచ్చా?" అని నేను అబ్బాయిని అడిగితే, "మావాడికి అన్నీ వచ్చండి" అని తండ్రి చెప్పేవాడు. వీళ్ళందరి మీదా మా అత్తగారు శ్యామలాంబగారు. ఆవిడది ద్రాక్షారామం పక్కన వ్యవసాయ కుటుంబం. గడప తొక్కిన మనిషికి మజ్జిగ ఇవ్వకుండా, ఊరూపేరూ అడక్కుండా వదిలే అలవాటు ఆ వంశంలోనే లేదు.

"ఏ ఊరు బాబూ? ఎవరి తాలూకు? మీ అమ్మగారి పుట్టిల్లెక్కడ?"

ఆ ప్రశ్న వెనకాల ఇంకో ప్రశ్న ఉంటుందని మా వైపు అందరికీ తెలుసు. నాకు సిగ్గుగా ఉండేది. "అత్తయ్యగారూ, ఇది ఆఫీసండి. అవన్నీ అడక్కూడదండి" అని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆవిడ వినేది కాదు. ఒకడు మూడు గ్లాసులు తాగేసరికి వరసకి నాకు మరిదని తేలాడు. వాడికి ప్రోగ్రాము రాయడం బొత్తిగా రాదు. అయినా భోజనం చేసి, వడియాల పొట్లం పట్టుకుని మరీ వెళ్ళాడు.

పరీక్ష మాత్రం అందరికీ ఒకటే పెట్టాను. ఉప్పాడ జాబితాలోంచి రెండువందల పేర్లు తీసి ఇచ్చి, రెండుసార్లు వచ్చిన పేర్లని తీసేసే ప్రోగ్రాము రాయమన్నాను. జవాబు నాకు తెలుసు. ముప్పై ఒకటి. రాజమండ్రి నుంచి వచ్చిన శివరామకృష్ణ అనే అబ్బాయి పది నిమిషాల్లో రాసేసి, ముప్పై ఒకటి చూపించి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మా ఆయన ఆనందం పట్టలేక ఆ సాయంత్రమే, జూన్ రెండున చేరమని ఉత్తరం టైపు చేసేశాడు.

"రేపు ఇంకొక్క మనిషి ఉంది కదండీ, ఆ అమ్మాయిని కూడా చూసి పోస్టు చేద్దాం" అన్నాను. పిలిచాక చూడకపోతే బాగుండదని అన్నానే తప్ప, నాకూ వేరే ఆశేమీ లేదు.

ఆ అమ్మాయి పదింటికి రమ్మంటే పన్నెండింటికి వచ్చింది. చీర అంచు మోకాళ్ళ దాకా తడిసి, ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉంది. పేరు లోవలక్ష్మి.

"ఆలస్యమైందండి. బీచ్ రోడ్డు మళ్ళీ తెగిందండి. బస్సు తిరిగెళ్ళిపోతే నడిచొచ్చి ఆటో ఎక్కానండి" అంది. పాలిటెక్నిక్ చదివిందట. పగలు రొయ్యల కంపెనీలో పెట్టెల మీద స్టిక్కర్లు ప్రింటు తీసే పని, సాయంత్రాలు ఇన్‌స్టిట్యూట్‌లో విజువల్ బేసిక్. కంపెనీలో సెలవు పెట్టి వచ్చానని చెప్పింది.

కూర్చోబెట్టి పేర్లు ఇచ్చాను. కాసేపు కీబోర్డు టకటకలాడి ఆగిపోయింది. గంటయ్యాక వెళ్ళి చూస్తే కంప్యూటరు పక్కకి నెట్టి, తెల్లకాగితం మీద పెన్సిలుతో ఏదో రాసుకుంటోంది.

"ఏంటమ్మా, ప్రోగ్రాము రాలేదా?"

"వచ్చిందండి. ముప్పై ఒకటి చూపిస్తోందండి. అదే తప్పొచ్చిందండి."

"తప్పేంటి, కరెక్టే. సరిగ్గా ముప్పై ఒకటే రావాలి."

"కాదు మేడమ్. వీళ్ళందరూ ఉన్నారండి."

నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయి పెన్సిలుతో మూడు లైన్లు చూపించింది. పల్లంరాజు, తండ్రి నూకరాజు. మూడింటికీ ఇంటి నంబరు ఒకటే. వయసు కూడా మూడుచోట్లా నలభై అనే ఉంది.

"వీళ్ళలో ఒకాయన మా నాన్నండి. రెండో ఆయన మా చిన్నాన్న. మూడో ఆయన మా తాత తమ్ముడి కొడుకండి. తాతా, తాత తమ్ముడూ కూడా నూకరాజులేనండి, నూకాలమ్మ పేరు. మా నాన్నవాళ్ళకి పల్లాలమ్మ పేరు. పెద పల్లంరాజు, చిన పల్లంరాజు. పేర్లు రాసుకోడానికొచ్చినోళ్ళు పెదా చినా ఎందుకని వదిలేశారు. వయసులు కూడా వాళ్ళే అందాజుగా వేసేశారు."

"మరి ఇంటి నంబరు ఒకటే ఎలా అయింది?"

"మా ఇల్లు మొన్న నవంబరులో సముద్రంలో పడిపోయిందండి. చిన్నాన్నాళ్ళది అంతకుముందే పోయింది. ఇప్పుడందరం ఆ మూడో పల్లంరాజుగారింట్లోనే ఉంటున్నాం. నంబరు అడిగితే అదే చెప్పాం. మా నంబరు నీళ్ళల్లో ఉంది కదండీ."

బస్సు ఎన్ని గంటలకో చెప్పినట్టు చెప్పింది. "తీసేసిన ఇద్దరిలో మీ నాన్నగారు ఉన్నారా, లేక ఉంచిన లైను ఆయనదేనా?" అన్నాను.

"అది మీ కంప్యూటర్‌కే తెలియాలండి" అంది.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు మజ్జిగ గ్లాసుతో వచ్చారు. భూమిలోకి కుంగిపోదామా అనిపించింది నాకు.

"ఎవరి తాలూకమ్మాయ్?"

లోవలక్ష్మి లేచి నిలబడింది. "ఉప్పాడ రేడియో పల్లంరాజు గారమ్మాయినండి. మాది వేట కుటుంబం."

అత్తగారు ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణాన్ని నేను చూశాను, లోవలక్ష్మి కూడా చూసింది. చూసి కూడా తల దించలేదు. ఆవిడ గ్లాసు ఆ అమ్మాయి చేతికిచ్చి, "రేడియో ఏంటే?" అన్నారు.

"నాన్న పడవలో ఎప్పుడూ రేడియో మోగుతానే ఉంటదండి. చిన్నాన్నని గళ్ళలుంగీ పల్లంరాజంటారు. మూడో ఆయన మేడ పల్లంరాజు. ఆయన మేడ ఊరికి లోపలగా ఉంది కాబట్టి ఇంకా నిలబడింది. అలా అడిగితే మా ఊళ్ళో ఒక్క మనిషీ తప్పిపోడండి."

"మరి నేనడిగేది అదే కదా" అని అత్తగారు నా వైపు తిరిగారు. "మా కోడలేమో అడక్కూడదంటది. కూర్చోవే, అన్నం తిని వెళ్దువు గాని."

ఆ మధ్యాహ్నం మా ఆయనకి అన్నీ చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. మీట నొక్కి నాలుగువందల పన్నెండు మందిని జాకెట్లు లేకుండా సముద్రం మీదికి పంపబోయాను. పైగా ఆ సంగతి పాలవాడికి కూడా గొప్పగా చెప్పుకున్నాను.

మా ఆయన ఆ పెన్సిలు కాగితం అందుకుని చివరిదాకా చదివాడు. తర్వాత, "శివరామకృష్ణ తప్పేం లేదు కళా. నువ్వడిగింది నువ్వడిగినట్టే చేశాడు" అన్నాడు.

"నాకు భయమేస్తున్నది అందుకేనండి. నేను తప్పడిగితే తప్పే చేసిపెడతాడు."

ఆయన ఉత్తరాన్ని డ్రాయర్లో పడేశాడు. నేను సంస్థకి ఫోన్ చేసి, తప్పు నాదేనని ఉన్నదున్నట్టు చెప్పాను. అవతలాయన తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. మే ఇరవై అయిదులోగా సరైన పేర్లు ఇస్తే మిగతా జాకెట్లు తెప్పిస్తాననీ, దాటితే తన చేతుల్లో ఉండదనీ అన్నాడు. ఆ రోజు మే తొమ్మిది.

ఫోను పెట్టేసి వచ్చి లోవలక్ష్మితో, "రేపు పొద్దున్నే వచ్చెయ్యి" అన్నాను. "అలాగేనండి, కంపెనీలో సెలవు పొడిగిస్తానండి" అంది.

ఆ పదహారు రోజులూ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. భయం లేదని కాదు, భయం కన్నా హుషారు ఎక్కువ. మొదటి మూడు రోజుల్లో లోవలక్ష్మి, నేనూ పక్కపక్కన కూర్చుని ప్రోగ్రాముని మళ్ళీ మొదటినుంచీ రాశాం. కొత్త ప్రోగ్రాము ఎవరినీ తీసెయ్యదు. ఒకేలా ఉన్న పేర్లని పక్కపక్కన పెట్టి ఆగిపోతుంది, మనిషిని అడిగి జవాబు రాస్తే గానీ ముందుకు కదలదు. ఆ జవాబు రాసే గడికి నేను 'అదనపు గుర్తింపు వివరము' అని పేరు పెట్టాను. మర్నాటికి అది 'ఎవరి తాలూకు' అయిపోయింది.

"ఆఫీసు ప్రోగ్రాములో ఇదేంటమ్మా?" అన్నాను.

"మీరు పెట్టిన పేరుతో అడిగితే ఊళ్ళో ఎవరూ నోరు తెరవరు మేడమ్. ఇలా అడిగితే ఆపమన్నా ఆపరు" అంది. కిటికీలోంచి వింటున్న మా అత్తగారు ఆ రోజు ఇద్దరికీ గారెలు వండారు.

నాలుగో రోజున ఒక వ్యాను మాట్లాడుకుని, కంప్యూటర్నీ ప్రింటర్నీ పాత దుప్పట్లలో చుట్టుకుని ఉప్పాడ బయల్దేరాం. నేను, మా ఆయన, బేబి, లోవలక్ష్మి. ముందు సీట్లో మా అత్తగారు. "అడగడం మీకు చేతకాదు" అని ఆవిడే ఎక్కి కూర్చున్నారు.

మేడ పల్లంరాజు గారి అరుగు మీద కంప్యూటరు పెట్టాం. ఊరికి లోపలగా కట్టిన ఆ మేడకి కూడా ఇప్పుడు ఎదురుగా సముద్రమే. ఒక వీధికి ఒకవైపే ఇళ్ళున్నాయి. రెండోవైపు సగం గోడ, ఒక నూతివొర, ఆపైన అలలు. ఎండ మండిపోతోంది. వేట లేని రోజులు కాబట్టి ఊరంతా ఖాళీగానే ఉంది, ఊరంతా మా చుట్టూనే ఉంది. అత్తగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరినీ అడుగుతుంటే బేబి టైపు చేసింది. తాటితోపు అప్పలరాజు, సైకిలు అప్పలరాజు, ఇద్దరు భార్యల అప్పలరాజు. మూడో ఆయన సిగ్గుపడి అది వద్దన్నాడు. "మరి కార్డు ఎవరిదని తెలియాలి బాబూ" అన్నారు అత్తగారు. చివరికి నల్లపడవ అప్పలరాజుగా రాజీకొచ్చాడు.

నిజంగానే రెండుసార్లు రాయించుకున్నవాడు త్రిమూర్తులు. తన ఇంటి దగ్గర ఒకసారి, అత్తారింటి దగ్గర ఒకసారి.

"ఎందుకయ్యా రెండు?" అన్నాను.

"ఒకటి తడిస్తే ఒకటి ఉంటదని రాయించానండి" అన్నాడు, వినయంగా. జనం ఘొల్లున నవ్వారు. జాకెట్ ఉన్నదే తడవడానికని అతనికి చెప్పడానికి మా ఆయనకి పావుగంట పట్టింది.

మధ్యాహ్నం మేడ పల్లంరాజు గారి భార్య ఎండునెత్తళ్ళ చేపలు మామిడికాయ వేసి వండి, ఆకులు పరిచింది. నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని అందరికన్నా ముందు కూర్చున్నారు. రెండోసారి కూర వేయించుకున్నారు.

సాయంత్రం జనం పలచబడ్డాక లోవలక్ష్మి నాన్న వచ్చాడు. పొడుగాటి మనిషి, చంకలో నిజంగానే రేడియో ఉంది. లుంగీ మడతలోంచి ఒక చిన్న రేకు తీసి నా ముందు పెట్టాడు. నీలం రంగు మీద తెల్ల అంకెలు. ఇంటి నంబరు రేకు.

"ఇల్లు పడిపోతాదని తెలిసిన రోజున ఊడదీసి ఉంచానమ్మా. ఇది మీ దాంట్లో పనికొస్తాదా?"

కూతురు తల తిప్పుకుని కంప్యూటరు తీగ సరిచేస్తున్నట్టు వంగింది. బేబిని పక్కకి జరగమని, ఆ నంబరు నేనే కొట్టాను. పెద పల్లంరాజు, తండ్రి నూకరాజు, రేడియో తాలూకు. ఆయన ఆ లైనుని వేలితో ముట్టుకుని చూసి, రేకుని మళ్ళీ మడతలో దోపుకున్నాడు.

అలా పదకొండు ఊళ్ళూ తిరిగాం. బీచ్ రోడ్డు రెండుసార్లు తెగింది, వ్యాను ఇసకలో కూరుకుపోతే జనమే తోశారు. నాలుగువందల పన్నెండులో నిజంగా రెండోసారి వచ్చిన పేర్లు పంతొమ్మిదే అని తేలింది. మిగతా మూడువందల తొంభై మూడు మందీ ఉన్నారు, ఉండి మాతో మాట్లాడారు. మే ఇరవై నాలుగు సాయంత్రం సీడీ పట్టుకుని సంస్థ ఆఫీసుకి నేనూ లోవలక్ష్మీ కలిసే వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు చెరుకురసం తాగుతూ ఇద్దరం కారణం లేకుండా నవ్వాం.

జూన్ ఒకటి ఆదివారం. తెల్లవారేసరికి వ్యానులో అందరం ఉప్పాడ చేరాం. ఒడ్డంతా నారింజరంగు. కొత్త జాకెట్లు తొడుక్కుని మగవాళ్ళు పెళ్ళికొడుకుల్లా సిగ్గుపడుతున్నారు. ఆడవాళ్ళు పడవలకి పసుపు రాసి కొబ్బరికాయలు కొడుతున్నారు. ముగ్గురు పల్లంరాజులూ వరసగా నిలబడి, ఒకరి వీపు మీద రాసింది ఒకరు చదువుకుంటున్నారు. రేడియో, గళ్ళలుంగీ, మేడ. త్రిమూర్తులు ఒక్క జాకెటే వేసుకుని దాన్ని కొంచెం అనుమానంగా చూసుకుంటున్నాడు.

లోవలక్ష్మి నా పక్కకొచ్చి నిలబడింది. వాళ్ళ నాన్న పడవ అలలు దాటి, రేడియో చప్పుడు వినపడనంత దూరం వెళ్ళేదాకా చూసింది. అప్పుడు అడిగింది.

"మేడమ్, నా ఇంటర్వ్యూ సంగతి ఎప్పుడు చెప్తారండి?"

నేను తెల్లబోయాను. "ఏ ఇంటర్వ్యూ?"

"ఫ్లాపీ కోసం వెతుకుతుంటే డ్రాయర్లో ఉత్తరం కనిపించిందండి. శివరామకృష్ణగారని పేరుంది, జూన్ రెండున చేరమని ఉంది. అంటే రేపేనండి. నా కంపెనీ సెలవు కూడా ఇవాళ్టితో అయిపోతాది. అందుకని అడుగుతున్నాను. ఏమీ అనుకోకండి."

"ఎప్పుడు చూశావు?"

"మొదటి వారంలోనేనండి."

మొదటి వారంలో. ఆ తర్వాత పది ఊళ్ళు తిరిగింది, నా పక్కన కూర్చుని ప్రోగ్రాము రాసింది, చెరుకురసం తాగి నవ్వింది. ఆ ఉద్యోగం వేరే ఎవరిదో అనుకుంటూనే. అందరి పేర్లకీ ఆనవాలు అడిగి రాసిన నేను, ఈ పిల్లకి ఒక్క మాట చెప్పడం మరిచిపోయాను. ఇంట్లో ఎవరికీ ఆ ధ్యాసే రాలేదు, ఎందుకంటే ఆ అమ్మాయి మాదేనని మాకు ఎప్పుడో తీర్మానమైపోయింది. ఆ సంగతి మాకు తెలుసు, తనకి తెలియదు. నాకు సిగ్గూ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చి మాట తడబడింది.

అంతలో కొబ్బరిచిప్పల గంపతో ఒక ముసలావిడ మా దగ్గర ఆగింది. మమ్మల్ని, వ్యానుని, కుర్చీలో కూర్చున్న మా అత్తగారిని తేరిపార చూసింది. మేం పేర్లు రాసిన రోజున ఊళ్ళో లేదేమో, ఏ ఊరివాళ్ళమో పోల్చుకోలేక నన్నే అడిగింది.

"ఎవరి తాలూకమ్మా మీరు?"

"లోవలక్ష్మి తాలూకండి" అన్నాను. "మేమంతా ఈ అమ్మాయి ఆఫీసు."

"ఓహో, రేడియో పల్లంరాజు వాళ్ళా? అలా చెప్పు మరి" అని ముసలావిడ మా అందరికీ తలో కొబ్బరిముక్క పెట్టి వెళ్ళిపోయింది.

లోవలక్ష్మి ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. కొబ్బరిముక్క నమలడం అయిపోయాక చీర చెంగుతో చేతులు తుడుచుకుని, "రేపు మొదటి బస్సుకే వచ్చేస్తానండి" అంది.